జిల్ విల్నేవ్ : వేగము, మర్యాద

పోటీ యేదైనను అందు మానవుని గుణము బయటపడక మానదు. ఐనను మోటారు పందెమున బయటపడినంత త్వరగా మరెక్కడను బయటపడదు. చదరంగమున ఎత్తు వేయుటకు ముందు ఆలోచించుకొనుటకు వ్యవధి కలదు. కుస్తీలో పట్టు తప్పినవాడు మట్టి దులుపుకొని లేచును. మోటారు పందెమున అట్లు కాదు. గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన వేగమున పోవుచు, ప్రక్కకు వచ్చిన ప్రత్యర్థికి ఒక కారు పట్టునంత చోటు విడుతునా, విడువనా అను ప్రశ్నకు రెప్పపాటులో సమాధానము చెప్పవలెను. ఆ సమాధానము నోటితో చెప్పునది కాదు. చేతనున్న చక్రముతో చెప్పునది. తప్పు చెప్పినచో దిద్దుకొనుటకు అవకాశముండదు.

తెలుగువారికి ఈ విద్య పూర్తిగ క్రొత్తది కాదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున, విద్యుత్తుతో నడుచు కార్లకు ఫార్ములా ఈ అను ప్రపంచ స్థాయి పందెము జరిగెను. ఆనాడు ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ ముందుండగా, న్యూజీలాండు దేశీయుడగు నిక్ క్యాసిడీ చివరివరకు అతనిని వెన్నంటియే యుండెను. వెర్న్ తన బ్యాటరీలోని శక్తిని పొదుపు చేసికొనుచు, కాచుకొనవలసిన చోట కాచుకొనుచు గెలిచెను. అంతకు పూర్వమే, కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములలో పుట్టిన కరివర్ధన్ 1995లో తాను మరణించువరకు మన దేశమందే పందెపు కార్లను తయారు చేయించి, సామాన్య యువకులకు ఆ క్రీడను అందుబాటులోనికి తెచ్చెను. ఆ నగరము చెంత నున్న పందెపు బాటకు నేడు అతని పేరే యున్నది.

ఐనను, ముందున్న వానిని దాటుటలోను, వెనుకనున్న వానికి దొరకకుండ కాచుకొనుటలోను ధర్మ మెట్టిదో ఒక్క మనుష్యుని జీవితమున చూడదలచినచో, కెనడా దేశీయుడగు జిల్ విల్నేవ్ చరిత్రను చదువవలెను. అతడు బ్రదికినది ముప్పదిరెండేండ్లు. పాల్గొన్న గ్రాండ్ ప్రీ పందెములు 67, గెలిచినవి 6. ప్రపంచ విజేత అను బిరుదము అతనికి ఎన్నడును దక్కలేదు. అట్లుండియు ఆ బిరుదము పొందిన పలువురి కంటె అతని పేరే ఎక్కువగా నిలిచియున్నది. ఎందులకో విచారింతము.

విల్నేవ్ 1950 జనవరి 18వ తేదీన కెనడాలోని క్యుబెక్ రాష్ట్రమున జన్మించెను. దేశమున ఆంగ్లము మాటలాడువారే అధికులైనను, ఆ రాష్ట్రమున జనుల మాతృభాష ఫ్రెంచి. బెర్తియేవిల్ అను చిన్న పట్టణమున అతని బాల్యము గడచెను. తండ్రి పియానోలకు శ్రుతి సరిచేయు వృత్తి చేసికొనుచు సంసారమును నడపెను. కలిమి గల ఇల్లు కాదు. మోటారు పందెము ధనవంతుల వినోదమని పేరు పడినది. ఈ పిల్లవానికి ఆ ద్వారము తెరచియుంచిన వారెవ్వరును లేరు. అతడు మొదట ప్రసిద్ధికి వచ్చినది కారు మీద కాదు, మంచుబండి మీద.

మంచుబండి యనగా ముందు జారుడు బద్దలును, వెనుక తిరుగు పట్టీయు గల చిన్న యంత్రశకటము. శీతకాలమంతయు మంచు కప్పియుండు ఆ సీమలో దానిపై పందెములు జరుగును. ముందుపోవు బండ్లు ఎగజిమ్ము మంచుపొడిచే వెనుకవానికి దారి కనబడదు. ఎదుట ఎవడున్నాడో, ఎటు తిరుగుచున్నాడో లీలగ కనబడిన నీడను బట్టి ఊహించి నడపవలెను. విల్నేవ్ ఈ పందెములలో ఆరితేరి 1974లో ప్రపంచ స్థాయి విజేత యయ్యెను. తరువాతి కాలమున వాన కురియు పందెములలో అతడు కనబరచిన నేర్పునకు ఈ మంచుపొడియే గురువు.

1970లో అతడు జోఆన్ అను యువతిని వివాహమాడెను. జాక్ అను కుమారుడును, మెలనీ అను కుమార్తెయు కలిగిరి. 1973లో చిన్న తరగతి కార్ల పందెములలో ప్రవేశించి, ఆ యేడే తన రాష్ట్రమున అగ్రస్థానము పొందెను. సంపాదన కొలది. పందెములు జరుగు ఊళ్ళు మిక్కిలి దూరము. భార్యాబిడ్డలతో ఒక ఇంటిబండిలో కాపురముండి, పందెమెచ్చట జరిగిన అచ్చటికి ఆ ఇల్లే తోలుకొని పోవుచుండెను. బదిలీ ఉత్తరువు చేతబట్టుకొని సామాను సర్దుకొనుట యెరిగిన మన ఉద్యోగి కుటుంబములకు ఆ సంసారపు తీరు వేరుగ వివరింప నక్కరలేదు.

1976లో అతడు ఫార్ములా అట్లాంటిక్ అను తరగతిలో దాదాపు అన్ని పందెములను గెలిచెను. ఆ యేడే త్రోవా రివియేర్ పట్టణపు వీథులలో జరిగిన పందెమునకు యూరపు నుండి వచ్చిన ప్రసిద్ధులలో, ఆ సంవత్సరము ప్రపంచ విజేత కానున్న జేమ్స్ హంట్ కూడ నుండెను. విల్నేవ్ వారందరిని వెనుకకు నెట్టెను. హంట్ అసూయపడలేదు. స్వదేశమునకు తిరిగి పోయి, తన సంస్థయగు మెక్లారెన్ వారికి ఈ కుర్రవానిని గూర్చి సిఫారసు చేసెను. ఓడినవాడు గెలిచినవానికి దారి చూపుట! మర్యాదను గూర్చిన ఈ కథలో మొదటి మర్యాద అతనికే ఎదురైనది.

ఇచ్చట ఒక చిన్న లోపమును కూడ చెప్పవలెను. ఇరువదియారు, ఇరువదియేడేండ్ల వయస్సున క్రొత్తగ వచ్చువానిని పెద్ద సంస్థలు చేర్చుకొనవను భయముచే, విల్నేవ్ తన వయస్సు రెండేండ్లు తగ్గించి చెప్పుకొనుచుండెను. పందెపు బాటపై మోసమెరుగని మనుష్యుడు కాగితముపై ఈ చిన్న అబద్ధమాడెను. మహనీయుల జీవితములను మచ్చలు తుడిచి వ్రాయుట కంటె ఉన్నది ఉన్నట్లు చెప్పుటయే మేలు.

1977 జులైలో ఇంగ్లండున సిల్వర్‌స్టన్ బాటపై అతడు మెక్లారెన్ కారుతో తొలిసారిగ ఫార్ములా వన్ పందెమున పాల్గొనెను. అభ్యాస సమయమున అతని కారు పలుమారులు గిర్రున తిరిగి బాట తప్పెను. చూచినవారు చేతగానివాడనుకొనిరి. అతని లెక్క వేరు. ఏ మలుపున ఎంత వేగము చెల్లునో తెలియవలెనన్న ఒకసారి ఆ హద్దు దాటి చూడవలెను. హద్దు తెలిసిన తరువాత దాని యంచుననే నడువవచ్చును. పందెమున అతడు 11వ స్థానమున ముగించెను. మెక్లారెన్ వారు అతనిని నిలుపుకొనలేదు గాని, ఇటలీలోని వృద్ధ శకటనిర్మాత ఎంజో ఫెరారి ఆ సన్నని కుర్రవానిని పిలిపించి తన ఎఱ్ఱ కారు అప్పగించెను. నికీ లౌడా విడిచిపోయిన స్థానమది.

ఈ క్రొత్త పదవి తోడనే గొప్ప విషాదము వచ్చెను. దానిని గ్రహించుటకు ఆ కార్ల నిర్మాణము కొంచెము తెలియవలెను. ఫార్ములా వన్ కారునకు మన కార్లవలె చక్రములపై రేకు కప్పు లేదు. నాలుగు చక్రములును బయటనే యుండును. రెండు కార్లు ప్రక్కప్రక్కగ పోవుచు ఒరసికొన్నచో సాధారణముగ పెద్ద ప్రమాదము లేదు. కాని వెనుక కారు ముందు చక్రము, ముందు కారు వెనుక చక్రమునకు తగిలినచో, తిరుగుచున్న ఆ చక్రము దీనిని పైకి ఎగజిమ్మును. కారు గాలిలోనికి లేచును. కావున దాటుట యనునది, ప్రత్యర్థి వెనుకనుండి ప్రక్కకు చేరు ఆ ఒక్క క్షణమున అత్యంత ప్రమాదకరము.

1977 అక్టోబరు 23వ తేదీన జపానులోని ఫ్యూజీ బాటపై విల్నేవ్ తన ముందున్న రానీ పీటర్సన్ కారును మలుపు చెంత దాటబోవుచు, దాని వెనుక చక్రమును తాకెను. కారు ఎగిరి బాట దాటి పడెను. నిలువకూడని చోట నిలిచియున్న ఇద్దరు మరణించిరి. విల్నేవ్ గాయపడక బయటపడెను. దాటవలెనను తొందర ఒక్క అంగుళము హెచ్చినచో ఫలితమెట్టిదో అతడు తన రెండవ ఫెరారి పందెముననే చూచెను.

ఇక ఈ క్రీడయందలి ధర్మమును క్లుప్తముగ చెప్పుకొందము. తిన్నని దారిలో ముందు కారు గాలిని చీల్చుచు పోవును. దాని వెనుక గాలి ఒత్తిడి తక్కువ. వెనుకవాడు ఆ చాటున చేరి వేగము పుంజుకొని, మలుపు రాగానే ప్రక్కకు తొలగి, ముందువాని కంటె కొంచెము ఆలస్యముగ బ్రేకు వేసి లోపలి వైపున చొరబడును. ముందువాడు దానిని కాచుకొనుటకు ముందే లోపలి వైపునకు జరుగవచ్చును. అది అతని హక్కు. కాని ఒక్కసారి జరిగిన పిమ్మట పాము మెలికలు తిరిగినట్లు ఇటునటు కదలరాదు. బ్రేకు వేసిన తరువాత దిక్కు మార్చరాదు. ప్రత్యర్థి ప్రక్కకు వచ్చినచో అతనిని బాట బయటకు నెట్టరాదు; ఒక కారు పట్టు చోటు విడువవలెను. వెనుకవానికిని విధులు కలవు. అందరాని దూరమునుండి గుడ్డిగ చొరబడరాదు. ముందువాని అద్దమున కనబడునట్లు రావలెను. మలుపులో తన పాలి చోటునే తాను వాడుకొనవలెను. ఒక చుట్టు వెనుకబడిన వానికి నీలి జెండా చూపుదురు. అతడు వేగముగ వచ్చువానికి దారి యియ్యవలెను. పసుపు జెండా ఊపినచోట ఎవ్వరును ఎవ్వరిని దాటరాదు.

నేడీ నియమములు అక్షరరూపమున నున్నవి. విల్నేవ్ కాలమున ఇంత వివరముగ లేవు. చోదకులు తమలో తాము పాటించుకొను ఆచారమే చట్టము. ఆచారము వ్రాతలో లేనిచో అది మనుష్యుని గుణముననే యుండవలెను.

1978 అక్టోబరు 8వ తేదీన మాంట్రియల్ నగరమున, తన స్వజనుల యెదుట, విల్నేవ్ మొదటి గ్రాండ్ ప్రీ గెలిచెను. మరుసటి సంవత్సరము అతని ప్రతిభకు వసంతము. దక్షిణాఫ్రికాలోను, అమెరికాలో రెండు చోట్లను గెలిచెను. కాని ఆ యేటి పందెములలో జనులు నేటికిని చెప్పుకొనునది అతడు గెలువని పందెము.

1979 జులై 1వ తేదీన ఫ్రాన్సులోని దిజోన్ బాటపై ఆ దేశపు రెనో సంస్థ వారి టర్బో కారుతో జబూయ్ మొదటి స్థానమున సాగిపోవుచుండెను. టర్బో ఇంజను గల కారు ఫార్ములా వన్ పందెము గెలుచుట అదే ప్రథమము. చరిత్ర అచ్చట జరుగుచుండగా, జనుల కన్నులు రెండవ స్థానమునకై పోరాడు ఇరువురిపై నిలిచెను. ఒకడు విల్నేవ్, రెండవవాడు రెనో వారి మరియొక చోదకుడు రెనే ఆర్నూ. విల్నేవ్ టైర్లు అరిగిపోయియుండెను. ఆర్నూ కారు బలమైనది. చివరి కొన్ని చుట్లలో ఆర్నూ దాటెను. విల్నేవ్ తిరిగి దాటెను. మరల ఆర్నూ, మరల విల్నేవ్. చక్రము చక్రమును పలుమారు లొరసెను. ఒకరి తరువాత ఒకరు బాట యంచు దాటి దుమ్ము రేపిరి. తుదకు సెకనులో నాలుగవ వంతు తేడాతో విల్నేవ్ ముందు చేరెను.

ఆ ఒరపిడిలో ఒక్కమారైనను ఒకడు రెండవవానిని బాటనుండి తరిమివేయుటకు చక్రము త్రిప్పలేదు. సందు ఇరుకైనప్పుడు ఇద్దరును కొంచెము కొంచెము సర్దుకొనిరి. తాకిన పిమ్మట ఇద్దరును మరల తమ తమ చోట్లకు వచ్చిరి. ఎదుటివాడు తన్ను చంపడను నమ్మకము లేనివాడు అట్లు పోరాడలేడు. పందెము ముగియగానే ఇద్దరును నవ్వుచు ఒకరి నొకరు కౌగిలించుకొనిరి. కొందరు పెద్ద చోదకులు ఇది అపాయకరమని మందలించిరి. ఆ మందలింపులోను న్యాయము లేకపోలేదు. చక్రములు ఒరసుకొనుట పిల్లలకు నేర్పదగిన విద్య కాదు. నేర్పదగినది వారి మధ్యనున్న నమ్మకము.

ఆ యేడు సెప్టెంబరులో ఇటలీలోని మోంజా బాటపై మరియొక పరీక్ష వచ్చెను. ఫెరారి సంస్థలో అతని సహచరుడు దక్షిణాఫ్రికా దేశీయుడగు జోడీ షెక్టర్. ఆ పందెము గెలిచినచో ప్రపంచ విజేతృత్వము షెక్టర్‌ది. విల్నేవ్‌నకును ఆ బిరుదముపై ఆశ మిగిలియేయుండెను. షెక్టర్ ముందు, విల్నేవ్ వెనుక. సంస్థ వారితో చేసికొనిన ఒప్పందము ప్రకారము అతడు దాటరాదు. దాటలేదు. అర సెకను కూడ లేని దూరమున, నీడవలె అనుసరించి, రెండవవాడుగ ముగించెను. సంవత్సరాంతమున షెక్టర్‌నకు 51, విల్నేవ్‌నకు 47. నాలుగే మార్కులు! మాట నిలుపుకొనుటకు అతడు చెల్లించిన వెల యిది. తన పాలి వంతు మరియొక యేడు వచ్చునని అతడు నమ్మెను.

అతనిని నిర్దోషిగ చిత్రించుట మన యుద్దేశము కాదు. ఆ యేడే హాలండులోని జాండ్‌వోర్ట్ బాటపై టైరు పగిలి, చక్రము ఊడి వ్రేలాడుచున్న కారును మూడు చక్రములపై ఈడ్చుకొనుచు మరమ్మతు స్థలమునకు తెచ్చెను. చూపరులు చప్పట్లు కొట్టిరి. వెనుక వచ్చువారి మీద ఊడిన ముక్కలు పడియుండిన ఏమగును? పట్టుదలకును మొండితనమునకును మధ్య గోడ పలుచన. అతడు అప్పుడప్పుడు ఆ గోడను దూకుచుండెను. ఐతే తన లాభము కొరకు ఎదుటివానిని పడద్రోయుట మాత్రము అతని స్వభావమున లేదు. సమకాలికులు దీనిని ఏకగ్రీవముగ అంగీకరింతురు.

1980లో ఫెరారి కారు మిక్కిలి నాసిరకపుది. సంవత్సరమంతయు శ్రమించి అతడు సంపాదించినది ఆరు మార్కులు మాత్రమే. 1981లో సంస్థ వారు టర్బో ఇంజను గల క్రొత్త కారు నిచ్చిరి. ఇంజను బలము పెద్ద, మలుపు తిరుగు గుణము చెడ్డ. ఆ కారుతోనే మే 31వ తేదీన మొనాకో నగరపు ఇరుకు వీథులలో గెలిచి, మూడు వారములకు స్పెయిను వచ్చెను.

1981 జూన్ 21, మాడ్రిడ్ నగరము చెంత జరామా బాట. కాచుకొనుట యను విద్యకు ఇంతకు మించిన పాఠము లేదని తెలిసినవారందురు. విల్నేవ్ 7వ స్థానమునుండి బయలుదేరి, మొదటి చుట్లలోనే రెండవ స్థానమునకు వచ్చెను. 14వ చుట్టున ముందున్న ఆస్ట్రేలియా వీరుడు ఆలన్ జోన్స్ బాట తప్పెను. అప్పటినుండి 80 చుట్లు పూర్తియగువరకు విల్నేవే ముందు. అతని వెనుక లాఫీత్, వాట్సన్, రాయిటెమన్, డి ఏంజెలిస్ ఒకరి తోక నొకరు పట్టుకొనినట్లు వచ్చుచుండిరి. నలువురి కార్లును మలుపులలో ఇతని కారు కంటె మెరుగు.

అతడు చేసినదేమి? తిన్నని దారిలో టర్బో బలముచే కొంత దూరము సంపాదించెను. మలుపు రాగానే కారును సరిగ నిలుపవలసిన చోట నిలిపెను. మలుపు చివర జారకుండ, తొందరపడకుండ, మరల తిన్నని దారి అందుకొనెను. ప్రతి చుట్టునను అదే చోట, అదే విధముగ. వెనుకవానికి ఇతడెక్కడ నుండునో తెలియును. ఐనను దాటుటకు సందు దొరకదు. అరువదికి పైగా చుట్లు ఇట్లు గడచెను. ఒక్కసారి చక్రము తడబడిన నలువురును దాటిపోవుదురు. తడబడలేదు. అతడు గెలిచినప్పుడు మొదటివానికిని ఐదవవానికిని నడుమ వ్యవధి 1.24 సెకనులు. పాము మెలికలు లేవు, త్రోపులు లేవు. ఓడినవారు ఆరోపణ చేయలేదు, మెచ్చుకొనిరి. కాచుకొనుట యనగా ఎదుటివానిని బెదరించుట కాదనియు, తాను తప్పు చేయకుండుటయే యనియు ఆ మధ్యాహ్నము తేటపడెను. అదియే అతని ఆరవ విజయము, చివరిది కూడ.

1982 ఏప్రిల్ 25వ తేదీన ఇటలీలోని ఇమోలా బాటపై సాన్ మరీనో పందెము. పలు సంస్థలు బహిష్కరించుటచే బయలుదేరినవి 14 కార్లు మాత్రమే. రెనో వారి కార్లు రెండును చెడిపోగా, మొదటి రెండు స్థానములు ఫెరారి వారివే యయ్యెను. ముందు విల్నేవ్, వెనుక అతని సహచరుడు, ఫ్రాన్సు దేశీయుడు డిడియే పిరోనీ. నిదానించుడని సంస్థ వారు పలక చూపిరి. ఆ పలకకు అర్థము, ఉన్నవారున్న చోటనే ముగింపవలెననియని విల్నేవ్ గ్రహించెను. మోంజాలో తాను పాటించిన నీతి అదియే కదా. పిరోనీ వేరుగ గ్రహించెను. ఇంజనును కాపాడుకొనుడనియే గాని దాటవలదని కాదని తరువాత వాదించెను. ఇద్దరును ఒకరినొకరు దాటుకొనిరి. ఇది చూపరుల వినోదము కొరకని విల్నేవ్ భావించెను. చివరి చుట్టున పిరోనీ దాటి, వెనుకకు రాక, గెలిచెను.

నియమావళి ప్రకారము పిరోనీ దాటుటలో దోషము లేదు. చక్రము చక్రమును తాకలేదు. ఐనను దిజోన్‌లో చక్రములొరసినను చెడని స్నేహము ఇమోలాలో ఒరయకయే చెడెను. విజేతల వేదికపై విల్నేవ్ ముఖమున నవ్వు లేదు. ఇక జన్మలో పిరోనీతో మాటలాడనని అతడు నిశ్చయించుకొనెను. ఒక పలకపై వ్రాసిన ఒక్క మాటకు ఇద్దరు రెండర్థములు చెప్పుకొనుటచే ఇంత జరిగెను.

పదమూడు దినములు గడచెను. మే 8వ తేదీ, శనివారము, బెల్జియమున జోల్డర్ బాట. మరునాటి పందెమున ఎవరెక్కడ నిలువవలెనో నిర్ణయించు పరుగు జరుగుచుండెను. ఆ పరుగు కొరకు వాడు టైర్లు మెత్తనివి. వాని సత్తువ ఒక చుట్టుతోనే తీరిపోవును. ఎదుట మందగతిని పోవు కారు తగిలినచో ఆగి వేచియుండుటకు వీలులేని స్థితి. పిరోనీ సమయము తనదాని కంటె కొంచెము మెరుగుగా నుండెను. చివరి నిమిషములలో విల్నేవ్ మరల బాటమీదికి వచ్చెను.

ఒక మిట్ట దాటిన పిమ్మట, జర్మను చోదకుడు యోఖెన్ మాస్ నడుపు కారు మెల్లగ పోవుచు కనబడెను. మాస్ మర్యాదస్థుడు. వెనుకనుండి వేగముగ వచ్చుచున్న కారును అద్దమున చూచి, దారి యిచ్చుటకై కుడివైపునకు జరిగెను. అదే క్షణమున విల్నేవ్ అతనిని దాటుటకు కుడివైపునకే జరిగెను. ఒకడు దారి యిచ్చుచున్నాడు. ఒకడు దారి తీసికొనుచున్నాడు. ఇద్దరి యుద్దేశమును ఒక్కటే. ఇద్దరును ఎన్నుకొన్న వైపు ఒక్కటే. ఫ్యూజీలో వలెనే ముందు చక్రము వెనుక చక్రమును తాకెను. కారు గాలిలోనికి లేచి ముక్కలయ్యెను. విల్నేవ్ దూరమున పడెను. ఆ రాత్రి ఆసుపత్రిలో అతడు కన్నుమూసెను. మాస్‌ను దోషియని విచారణ యెంచలేదు. దోషి లేకయే ప్రాణము పోవుట ఇట్టిది.

ఈ నాలుగు పందెములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక విషయము స్పష్టపడును. దిజోన్‌లోను జరామాలోను పోరు భీకరము. ఐనను ఎవ్వరికిని హాని లేదు, ఏలయన ఎదుటివాడేమి చేయునో ప్రతివానికిని తెలియును. ఇమోలాలో పోరే లేదు. జోల్డర్‌లో ఒకడు దారియే యిచ్చెను. ఐనను ఒకచోట స్నేహము, ఒకచోట ప్రాణము పోయెను. ఏలయన సంకేతము తెలియలేదు. మర్యాద యనగా మెత్తదనము కాదు. నేనిటు పోవుచున్నాను, నీకిటు చోటు విడుచుచున్నాను అని ఎదుటివానికి సందేహము లేకుండ తెలియజేయుటయే మర్యాద. మంచి యుద్దేశము మనసున నున్నంత మాత్రమున చాలదు. అది ఎదుటివానికి సకాలమున కనబడవలెను.

ఈ పాఠము పల్సానాలో నివసించు మనకు దూరపుది కాదు. 48వ నంబరు జాతీయ రహదారియు, హజీరా నుండి బార్డోలీ మీదుగ తూర్పునకు పోవు 53వ నంబరు రహదారియు మన చెంతనే కలియును. బట్టల మిల్లుల సరకు మోయు లారీలు రాత్రింబవళ్ళు సాగుచుండును. ఆ లారీల నడుమనే మనవారు స్కూటర్లపై, కార్లపై ఆఫీసులకు, పాఠశాలలకు పోయివచ్చుచుందురు. ఐతే పందెపు బాటకును ప్రజల బాటకును ఒక భేదము కలదు. పందెమున ముందువానికి కాచుకొను హక్కున్నది. రహదారిపై ఆ హక్కు లేదు. వెనుకనుండి వచ్చువాడు దాటుచుండగా వేగము హెచ్చించుటయు, అడ్డుపడుటయు మన దేశపు నిబంధనల ప్రకారము నేరము. ఇచ్చట గెలుపు లేదు; ఇల్లు చేరుటయే గెలుపు. కాని సంకేతపు ధర్మము రెండు బాటలకును సమానము. లైటు వెలిగించి, అద్దము చూచి, ఒక వైపే నిర్ణయించుకొని, ఆ వైపే నిలుకడగ నడచువాడు తానును బ్రదుకును, ఇతరులను బ్రదుకనిచ్చును.

విల్నేవ్ మరణానంతరము మాంట్రియల్‌లోని ఆ పందెపు బాటకు అతని పేరు పెట్టిరి. బెర్తియేవిల్ పట్టణమున అతని స్మారకముగ ఒక ప్రదర్శనశాల వెలసెను. తండ్రి పోవునాటికి పదకొండేండ్ల బాలుడైన జాక్ పెరిగి పెద్దవాడై, 1997లో ఫార్ములా వన్ ప్రపంచ విజేత యయ్యెను. తండ్రికి నాలుగు మార్కులలో తప్పిన బిరుదము కుమారునకు దక్కెను.

పిరోనీ కథ వేరు. అదే 1982 ఆగస్టులో జర్మనీలో, వానలో ముందున్న కారును చూడలేక దానిని గుద్దుకొని, రెండు కాళ్ళును విరిగి, అతడు ఫార్ములా వన్‌కు దూరమయ్యెను. 1987లో ఇంగ్లండు తీరమున మోటారు పడవల పందెమున మరణించెను. అప్పటికి అతని సహచరి గర్భవతి. కొన్ని మాసములకు ఆమెకు కవలలు, ఇద్దరును మగబిడ్డలు, కలిగిరి. ఒకనికి తండ్రి పేరు డిడియే యని పెట్టుకొనెను. రెండవవానికి జిల్ అని పెట్టెను. బ్రదికియుండగా ఒకరితో నొకరు మాటలాడక విడిపోయిన ఆ ఇద్దరు చోదకుల పేర్లును ఒక్క ఊయెలలో ప్రక్కప్రక్కన నిదురించెను.